ఎడమ తలుపు

లక్డీకాపూల్ వంతెన పక్క సందు.
కారు నాది, చేతులు ఇలియాస్‌వి.
ప్లాస్టిక్ పట్టీ సందులో దూర్చి
టప్పు, టప్పు, టప్పుమని
క్లిప్పులు ఒక్కటొక్కటి ఊడదీస్తుంటే
నా పక్కటెముకలు లెక్కపెడుతున్నట్టుంది.

తలుపు తోలు ఊడొచ్చింది.
లోపల ఏముంటదో ఇన్నేండ్లు అనుకోనేలే:
నల్లజిగురు పూసిన పాలితిన్ కాయితం,
అద్దాన్ని ఎత్తి దించే కత్తెర కాళ్లు,
ఎప్పటిదో వాన మిగిల్చిన మట్టి,
అండ్ల ఒక రూపాయి బిళ్ల.
"నీదే చాచా" అని చేతిల పెట్టిండు.
కంపెనీ స్పీకర్ విప్పి చూపెట్టిండు,
అప్పడమంత పల్చన,
అంచు చెదలు తిన్నట్టు.
"ఇది పాడలే చాచా, ఇన్నొద్దులు దగ్గింది."

కొత్తది ఆరున్నర అంగుళాలు,
గుజరాతీ గల్లీల గీసి గీసి బేరమాడి తెచ్చిన.
వెనక అయస్కాంతం చెంబు అడుగంత.
పెట్టి చూసి అద్దం దించమన్నడు.
సగం దిగి ఠక్కున ఆగింది.
ఇలియాస్ ఏమనలే.
ప్లైవుడ్ ముక్క మీద పళ్లెం బోర్లించి గీత గీసి
గుండ్రంగ కోసి, ఆ చెక్క గాజును కింద పెట్టి
స్పీకర్‌ను అరంగుళం ఇవతలికి తెచ్చిండు.
మళ్ల దించిన. ఈసారి అద్దం
పండుకున్న పిల్లను దాటినట్టు దాటిపోయింది.

ఎందుకింత ఖర్చని అడగకుండ్రి.
అఫ్జల్‌గంజ్ నుంచి సికింద్రాబాద్‌కు
ముప్పై ఒక్క ఏడు బస్సు తోలిన.
దిగినంక ఈ పాత కారు కొన్న.
ఎడమ సీట్ల మా అనసూయ.
మొదట్ల శానా మాట్లాడేది,
దుకాణాల బోర్డులు చదివేది,
రాను రాను బంజేసింది.
కారంత పెండ్లి అయిపోయిన ఫంక్షన్ హాల్ లెక్క.
సరే, ఆమెకు సప్పుడు లేకుంటేనే ఇష్టమేమో,
నాకైతే కాదని
ఈ రెండు బిగియిస్తున్న.

రబ్బరు గొట్టంలకెల్లి తీగ లాగిండు,
ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి.
"ఉల్టా అయితే ఒకదాన్నొకటి మింగుతయి చాచా."
క్లిప్పులన్ని మళ్ల అరచేత్తో గుద్దిండు.
పాట పెట్టిండు.
కుడి తలుపు నా మోకాలు దాకా దద్దరిల్లింది.
"ఎడమది మోగుతలేదు" అన్న.
ఇలియాస్ అటుపక్క తిరిగిపోయి
జాలీకి చెవి ఆనించి నవ్విండు,
"పులి లెక్క ఉంది."
కుడిది బంజేసి ఎడమదొక్కటే ఉంచిండు.
తలుపు పట్టె మీద పెట్టిన చాయి గ్లాసుల
మీగడ వణుకుతున్నది.
నాకు లక్డీకాపూల్ ట్రాఫిక్కే,
అది గూడ కుడి నుంచే.

వాడు నా దిక్కు చూసిండు. నేను గేరు దిక్కు చూసిన.

ఆ బస్సుల ఇంజను బయట ఉండకపోయేది.
డ్రైవర్‌కు ఎడమ పక్కనే, రేకు మూత కింద.
మూత మీద డబ్బ పెడితే
పగటాల దాకా అన్నం వేడిగుండేది.
ముప్పై ఒక్క ఏడు ఒకటే చెవిల అరిచింది.
ఏటేటా డిపో డాక్టరు కండ్లే చూసిండు,
అట్ట మీది అక్షరాలు చదివిన, పాసైన.
వెనకకెల్లి కండక్టరు "రైట్, రైట్" అంటే
అందింది, అదే చాలనుకున్న.

"బ్యాలెన్స్ కుడికి తిప్పాల్నా చాచా?"
మెల్లగ అడిగిండు.
వద్దు. నడుమనే ఉండనియ్యి.

సాయంత్రం అనసూయ ఎక్కింది.
పాట వస్తుంటే తలుపు మీద చెయ్యిపెట్టి చూసింది.
ఆమె పెదవులు కదిలినట్టయింది,
పాట బంజేసిన.
మాసబ్‌ట్యాంక్ కాడ ఎర్రలైటు.
హ్యాండ్ బ్రేక్ గుంజి,
రివర్స్ తీసేటప్పటి లెక్క మొత్తం వెనక్కి మర్లి
కుడి చెవి ఆమె దిక్కు పెట్టిన.
"ఏమన్నవు?"
ఎగాదిగ చూసింది.
"ఏం లేదు. ఉల్లిగడ్డలు తీసుకుందామన్న.
ఆ బండి మూడు సిగ్నళ్ల కిందనే పోయింది."
"ఇంకా?" అన్న.

వెనక హారన్లు.
పచ్చలైటు ఎప్పుడో పడ్డట్టుంది.